అందరికీ తొమ్మిదే

మొన్న మా తోడికోడలికి ఒంట్లో నలతగా ఉంటే, ఉప్పల్‌లో మా వీధి చివర ఉన్న రక్తపరీక్షల కేంద్రానికి తీసుకెళ్లి రక్తం ఇప్పించాను. ఇంటికొచ్చి, ఇద్దరం కబుర్లు చెప్పుకుంటూ మధ్యాహ్నం వంటకి బీరకాయలు తరుగుతుంటే ఫోను మోగింది. సోడియం బాగా పడిపోయింది, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండని ల్యాబు నుంచి ఎవరో అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. రెండు రోజులు మంచంమీద ఉండి తేరుకున్నాక ఆవిడకి ఒకటే ఆశ్చర్యం, అన్ని వేలమంది రక్తాల్లో తనదే ముందు చూడాలని వాళ్లకెలా తెలిసిందని. ఆ ప్రశ్న నన్ను తిన్నగా నాచారం తీసుకుపోయి ఒక పాత కుర్చీలో కూర్చోబెట్టింది.

మన వయసు వాళ్లకి నాచారం అంటే ముందు గుర్తొచ్చేవి ఫ్యాక్టరీ సైరన్లు. పెళ్లయి తెనాలి వైపు నుంచి వచ్చిన కొత్తలో నాకు గడియారం అక్కర్లేకపోయేది, సైరన్ను బట్టే స్టవ్ వెలిగించేదాన్ని. తర్వాత అలాంటి ఒక ఫ్యాక్టరీలోనే టైపిస్టుగా చేరి పదహారేళ్లు పనిచేశాను. అది మూతపడేనాటికి నాకు నలభై దాటింది, టైపు మిషన్లు పాతసామాన్ల వాడికి కూడా పనికిరాని కాలం వచ్చేసింది. రైల్వేలో గుమాస్తాగా ఉండే మావారు, ఇంట్లో కూర్చుని గోడలు చూసే బదులు ఏదైనా నేర్చుకోవోయ్ అని ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఒక కంప్యూటర్ కోర్సులో చేర్పించారు. అక్కడ నాతో కూర్చున్న పిల్లలంతా నా వయసులో సగం, నన్ను చూసి మొదటి రోజు టీచరమ్మ అనుకుని లేచి నిలబడ్డారు. ఆ కోర్సు పుణ్యమా అని, రెండువేల ఆరులోనో ఏడులోనో, నాచారంలో పారిశ్రామికవాడ మొదట్లో ఉన్న ఒక రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్ సెక్షన్‌లో ఉద్యోగం దొరికింది.

ఆ ల్యాబు అప్పుడే పెద్దదవుతోంది. చుట్టుపక్కల ఆస్పత్రుల నుంచి, మల్లాపూర్, చర్లపల్లి ఫ్యాక్టరీల నుంచి రక్తాలు వచ్చేవి. రిపోర్టులు తిరిగి వాళ్లకి పంపాలి గాని, ఒక్కో ఆస్పత్రిలో ఒక్కో రకం కంప్యూటర్, ఒకరి భాష ఇంకొకరికి అర్థం కాదు. వీటన్నిటి మధ్యా కూర్చుని, ఇటు నుంచి తీసుకుని అటు వాళ్లకి అర్థమయ్యేట్టు మార్చి అందించే ప్రోగ్రాము ఒకటి పెట్టారు. దాన్ని మిడిల్‌వేర్ అంటారని ఘట్‌కేసర్ కాలేజీలో చదివిన ఒక ఇంజనీరమ్మాయి నాకు చెప్పింది. అన్నీ ఆ అమ్మాయే బిగించి, నడిపించి చూపించి, ఆర్నెల్లు తిరక్కుండా ఊరికి ఆ చివర మాదాపూర్‌లో పెద్ద కంపెనీకి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ నాకు ఒకే ఒక్క ఫైలు అప్పజెప్పింది.

"ఆంటీ, ప్రోగ్రాం జోలికి అసలే పోకండి. ఏం మార్చాలన్నా గీ కాన్ఫిగరేషన్ ఫైల్‌లనే మార్చాలె. అంతా గిందులనే ఉన్నది" అంది.

చూద్దును గదా, అది మామూలు రాత ఫైలు. రిపోర్టు అనేది సందేశం లోపలి సంగతి, దాన్నెవరూ ముట్టుకోరు. దానికి పైన మాత్రం కొన్ని ప్రాపర్టీలుంటాయి, ఎవరు పంపారు, ఎక్కడికి వెళ్లాలి, ఎంత తొందర అన్నవి. ఉప్పల్‌లో అందరి నోటా ఇళ్ల స్థలాలే నలుగుతున్న రోజులవి, ప్రాపర్టీ అనగానే నేను గజాల్లో ఆలోచించాను, ఆ అమ్మాయి పడీపడీ నవ్వింది. ఆ తొందరకి సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు. ఏమీ రాయకపోతే నాలుగు అని లెక్క, తొమ్మిది రాస్తే అన్నిటికన్నా ముందు. మొదటిసారి ఒక ఆస్పత్రి పేరుకెదురుగా నాలుగు తీసి తొమ్మిది రాసి, సేవ్ చేసి, ప్రోగ్రాము ఆపి మళ్లీ లేపాను. వరుసలో వెనకెక్కడో ఉన్న ఆ ఆస్పత్రి రిపోర్టులు, తర్వాత నుంచీ అన్నిటికీ ముందు వెళ్లడం మొదలెట్టాయి. పదహారేళ్లు నేను టైపు చేసిన అక్షరం ఎప్పుడూ కాగితంమీద కదలకుండా కూర్చునేది. ఇక్కడ ఒక్క అంకె మారిస్తే ఎక్కడెక్కడివో కదిలి చోటు మార్చుకున్నాయి. ఆ సాయంత్రం మావారికి చెబితే ఆయన కాఫీ చల్లారబెట్టుకుని మరీ విన్నారు.

అయితే నాకొక జబ్బుంది, మొహమాటం. ఎవరైనా ఎదురుగా నిలబడి అడిగితే కాదనలేను. తొందర నా చేతిలో ఉందన్న సంగతి ల్యాబంతా పాకడానికి వారం పట్టలేదు. మార్కెటింగ్ మేనేజరు గారొచ్చి, ఫ్యాక్టరీ వాళ్ల ఆరోగ్య శిబిరాల రిపోర్టులు ముందు వెళ్లకపోతే కాంట్రాక్టు పోతుందన్నారు. తొమ్మిది. ఓనరు గారి బావమరిది, మనం మనం ఒకవైపు వాళ్లం కదమ్మా అంటూ గుంటూరు కబుర్లు కలిపారు. తొమ్మిది. మలేరియా సెక్షన్ వాళ్లు పూతరేకులు తెచ్చారు, షుగరు సెక్షన్ వాళ్లు ఏమీ తేకుండా బుంగమూతి పెట్టారు. ఇద్దరికీ తొమ్మిదే. వెనకటి ఆఫీసుల్లో ఫైలు ఎంత చిన్నదైనా మీద అర్జెంటు అని ఎర్ర చీటీ కట్టేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడ చీటీ కట్టే పని నాది కాదు, ఇక్కడ నాదే అయింది. రెండు నెలల్లో ఆ ఫైల్లో నాలుగు అన్న అంకే మిగల్లేదు. అందరూ సంతోషంగా ఉన్నారు, నేను అందరికీ మంచిదాన్నయ్యాను.

ఒక సోమవారం పొద్దున్న చర్లపల్లి ఫ్యాక్టరీ శిబిరం తాలూకు రిపోర్టులు, గుండె పరీక్షల బొమ్మలతో సహా, వందలకొద్దీ ఒక్కసారే వచ్చి వరుసలో పడ్డాయి. అప్పటి ఇంటర్నెట్ మీకు తెలిసిందే, ఉన్నది ఒకటే దారి, ఒకదాని వెనక ఒకటి నత్తనడకన పోతున్నాయి. ఆ వెనకే, ఉప్పల్ ఆస్పత్రి నుంచి తెల్లారగట్ల వచ్చిన ఒక కిడ్నీ రోగి రక్తంలో పొటాషియం ఏడు దాటి ఉందని మిషను చెప్పింది. గుండె ఏ నిమిషంలోనైనా ఆగిపోయే అంకె అది. టెక్నీషియను రెండోసారి చేసి చూసి, నిజమే అనుకుని మీట నొక్కాడు, తెరమీద పంపినట్టు చూపించింది. దానికీ తొమ్మిదే, ముందున్న వందలకీ తొమ్మిదే. ఇదివరకైతే అలాంటి అంకె కనపడగానే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఆస్పత్రికి ఫోను చేసేవారట. కంప్యూటర్ వచ్చాక ఆ ఫోను మానేశారు.

రెండు గంటలు గడిచాయి. ల్యాబు సూపర్‌వైజరు మల్లాపూర్ ఆయన, మేమందరం అన్న అనేవాళ్లం. రిజిస్టరు తిరగేస్తూ ఆ అంకె దగ్గర ఆగి, పాత అలవాటు చొప్పున వార్డుకి ఫోను చేశాడు. మూడుసార్లు చేసినా ఎంగేజే. నా దగ్గరికొచ్చి, "అక్కా, గీ పొటాషియం వాళ్లకు ముట్టిందా?" అన్నాడు. నేను వరుస తెరిచి చూశాను, అది మధ్యలో ఎక్కడో బుద్ధిగా నిలబడి ఉంది. ఆయన రిపోర్టు అచ్చు తీయించుకుని, స్కూటరెక్కి హబ్సిగూడ చౌరస్తా మీదుగా ఉప్పల్ వెళ్లిపోయాడు. ఆ తర్వాత గంటసేపు నేను ఏం చేశానో నాకు గుర్తు లేదు. అన్న తిరిగొచ్చాక చొక్కా తడిసిపోయి గుమ్మంలోనే నిలబడి, "బతికింది అక్కా. ముప్పై ఐదేండ్లు గూడ లేవు, బట్టల ఫ్యాక్టరీల కుట్టుపనట. నేను వొయ్యేసరికి కండ్లు తేలేసింది, ఇంజెక్షన్ జేసిన్రు, మల్ల మాట్లాడింది" అన్నాడు.

అందరూ కలిసి ఇంటర్నెట్ వాళ్లని తిట్టారు. తప్పు ఎక్కడుందో తెలిసినదాన్ని ఆ భవనంలో నేనొక్కదాన్నే. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఉద్యోగం ఖాయమై ఆర్నెల్లు కాలేదు, మళ్లీ రోడ్డున పడితే నా వయసుకి ఇంకెవరిస్తారు? మధ్యాహ్నం డబ్బా మూత కూడా తీయలేదు. చివరికి లేచి, ల్యాబు పెద్ద అయిన డాక్టరమ్మ గదికి వెళ్లి, ఫైలు అచ్చు తీసిన కాగితం ఆవిడ ముందు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆవిడ కాగితం పైనుంచి కిందిదాకా వేలుపెట్టి చూసుకుంటూ వచ్చారు. "ఎంతమందికి పెట్టినవమ్మా తొమ్మిది?" అన్నారు. అందరికీ అన్నాను. "అంటే ఎవ్వరికి పెట్టనట్టే గదా" అన్నారు. నాకు కన్నీళ్లాగలేదు. ఆవిడే, "ఫోనులెందుకింక అని బందు వెట్టించింది నేనే. తప్పు నీదొక్కదానిదే గాదు, ఏడ్వకు. ఇప్పుడేం జేద్దామో జెప్పు" అన్నారు. అంత పెద్ద డాక్టరు నా తప్పులో సగం తన తలమీద వేసుకున్నారు.

ఆ ఆదివారం ఇంజనీరమ్మాయి మాదాపూర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. సందేశం ఎవరు పంపారన్నది కాకుండా, లోపల ఏముందో చూసి తొందర ఎంతో రాసుకునే ఏర్పాటు కూడా ఆ ఫైల్లోనే చేయొచ్చట, ప్రోగ్రాము ముట్టుకోనక్కర్లేదట. డాక్టరమ్మ ప్రాణానికి ముప్పు తెచ్చే అంకెల పట్టిక ఒక్కొక్కటే చదివారు, ఆ అమ్మాయి చెప్పినట్టల్లా నేను టైపు చేశాను. పొటాషియం ఇంత దాటితే తొమ్మిది, సోడియం ఇంతకి తగ్గితే తొమ్మిది. మిగతావన్నీ, ఓనరు గారివైనా సరే, నాలుగు. రాయడమయ్యాక చూసుకుంటే ఆ వాక్యాల్లో ఎవరి పేరూ లేదు, పేరు రాయడానికి చోటే లేదు. ఉత్తుత్తి రిపోర్టులు వెయ్యి వరుసలో నింపి, చిట్టచివర పొటాషియం ఏడున్నర ఉన్న దొంగ రిపోర్టు ఒకటి వదిలాం. తెర చూస్తున్నాం. అది క్షణంలో వెయ్యింటినీ దాటి మొదటికొచ్చి వెళ్లిపోయింది.

"అబ్బ! పెండ్లిల వియ్యపురాలి లెక్క సీదా ముంగటికే వాయె!" అన్నాడు అన్న. అందరం నవ్వాం గాని, నాకు మాత్రం చేతులు జోడించాలనిపించింది. ఆ వరుసలో ఒక మనిషి ప్రాణం దానంతటది దారి చేసుకుని వెళ్లడం నేను కళ్లారా చూశాను. ఎర్ర పెన్నూ, ఫోనూ కూడా మర్నాటినుంచే మళ్లీ మొదలయ్యాయి, డాక్టరమ్మ దేన్నీ పూర్తిగా నమ్మే మనిషి కాదు. మేనేజరు గారు మాత్రం నాతో నెల్లాళ్లు మాట్లాడలేదు, పూతరేకులూ ఆగిపోయాయి.

తెలంగాణ వచ్చిన ఏడాది వానాకాలంలో మావారికి కడుపులో గడ్డ బయటపడింది. ఉప్పల్ ఆస్పత్రిలోనే చేర్చాం. ఆపరేషన్ ఆరోజో మర్నాడో తేల్చడానికి రక్తపరీక్ష రిపోర్టు తన తెరమీదికి రావాలన్నారు అక్కడి డాక్టరు గారు. పరీక్ష మా ల్యాబుదే. నేను మంచం పక్కన కూర్చుని అన్నకి ఫోను చేస్తే, రిపోర్టు తయారైందిగాని వరుసలో చాలా వెనక ఉందన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ ఫైల్ల ఒక్క లైను ఎక్కువ రాసుడే గదా అక్కా, నువ్వు జెప్పు నేను కొడ్త. బావది జర ముంగట వెడ్దాం, ఎవ్వరు సూస్తరు?" అన్నాడు. ఏ లైను, ఏ అంకె అన్నది నాకు కళ్లుమూసుకున్నా తెలుసు. "వద్దు అన్నా" అన్నాను. జన్మలో ఎవరికీ కాదని చెప్పలేనిదాన్ని, ఆరోజు నాకు నేనే కాదని చెప్పుకున్నాను.

రిపోర్టు రావడానికి మూడు గంటలు పట్టింది. ఆయన ఆ తర్వాత నాలుగేళ్లు నాతో ఉన్నారు. ల్యాబుని పెద్ద సంస్థ కొనుక్కుంది, నా ఫైలు ఏమైందో తెలియదు. ఇప్పుడు దేనికైనా, గుడిలో దర్శనానికైనా, గ్యాసు బండకైనా, ముందు వెళ్లే దారి ఇంకొకటి తప్పకుండా ఉంటుంది. ఆ దారి వెతుక్కోని వాళ్లని మన పిల్లలే అమాయకులంటున్నారు. ఆస్పత్రిలో ఆ మధ్యాహ్నం మావారు కళ్లు తెరిచి, ఇంకా రాలేదటోయ్ అని అడిగారు. వరుసలో ఉందండీ అన్నాను. సోమవారం సంగతీ, నా తొమ్మిదుల సంగతీ అన్నీ తెలిసిన మనిషి. నా వంక ఒకసారి చూసి, నా చేయి పట్టుకుని, "అయితే వస్తుందిలే" అని మళ్లీ కళ్లు మూసుకున్నారు.