వెనక వచ్చే బస్సు

మా పెద్దనాన్న పొద్దున్నే షూ వేసుకునే ముందు మోకాళ్ళు తట్టి చూస్తాడు. గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని, ముందు ఎడమది, తర్వాత కుడిది, వేళ్ళ కణుపులతో టకటకా కొట్టి చెవి అటు వంచుతాడు. సిటీ బస్సు నడిపిన రోజుల్లో డిపోలో బండి ఎక్కే ముందు టైర్లన్నీ ఇలాగే తట్టి చూసేవాడట. రిటైరయ్యాడు కానీ చెయ్యి ఊరుకోదు.

అన్నేళ్ళ డ్రైవర్ సీటు ఆయనకు పెన్షన్‌తో పాటు ఓ పొట్టనూ, కాస్త షుగరునూ ఇచ్చి పంపింది. డాక్టరు నడవమంటే నడిచాడు. ఆ నడక ఎప్పుడు పరుగైందో ఇంట్లో ఎవరమూ గమనించలేదు. ఒకరోజు పాల ప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్ళినవాడు ఎండెక్కాక తిరిగొచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. చేతిలో పాలు లేవు.

"పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు. మీరు పరిగెత్తారు, పాలూ లేవు," అంది పెద్దమ్మ.

"నీళ్ళివ్వవే, నిలబడే తాగుతాను," అన్నాడాయన.

ఆయన పరిగెత్తే తీరు చూసి నవ్వని వాళ్ళు లేరు. రెండు పిడికిళ్ళూ ఛాతీ ముందు వెడల్పుగా పట్టుకుని, మలుపు వస్తే రెంటినీ ఒకేసారి అటు తిప్పుతాడు. ఎవరినైనా దాటే ముందు కుడివైపు అద్దంలో చూసుకున్నట్టు తల తిప్పుతాడు. పార్కులో కుర్రాళ్ళు స్టీరింగ్ అంకుల్ అని పేరు పెట్టారు. ఆయనకు ఆ పేరంటే ఇష్టమే. "ఇన్నాళ్ళూ ఈ రోడ్ల మీద నేను చూసింది ముందు బండి వెనక లైట్లే. ఇప్పుడు గోడల మీద పిల్లులు కూడా కనిపిస్తున్నాయి," అంటాడు. కాలికి బలపం కట్టుకు తిరిగే రకం కాదు, కొలత తెలిసిన మనిషి. ఒకరోజు పరిగెత్తితే మర్నాడు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తడం. ఆదివారం పూర్తి విశ్రాంతి. బండికీ డిపోలో ఒక రోజు ఉండేది కదా అంటాడు.

ఆ కొలత ఒక్కసారే తప్పింది. మా ఊళ్ళో ఏటా జరిగే ఇరవై ఒక్క కిలోమీటర్ల హాఫ్ మారథాన్‌లో సగం దూరానికే కుడి మోకాలు నొప్పెట్టింది. పళ్ళ బిగువున పూర్తి చేశాడు. మెడలో పతకం వేసుకుని ఇంటికొచ్చి, ఎలా ఉందంటే దివ్యంగా ఉందన్నాడు. రాత్రికి మోకాలు గుమ్మడికాయంత అయింది. నెల రోజులు పెద్దమ్మ భుజం పట్టుకుని బాత్రూముకి వెళ్ళాడు. ఇంకోసారి ఇలా వాస్తే ఇక పరుగు మాట మరిచిపోవాలని ఫిజియోథెరపిస్టు తేల్చి చెప్పింది. పెద్దమ్మకు మాత్రం మోకాలి మీద కోపం లేదు. తనతో చెప్పకుండా దాచినందుకే కోపం.

మరుసటి ఏడు ఆయన మళ్ళీ పేరిచ్చాడు. పెద్దమ్మ షూ జత ఎదురుగా పెట్టి ఒకటే మాట చెప్పింది.

"నొప్పెట్టిన చోట ఆగాలి. ఆగకపోతే ఇవి పాతసామాన్ల వాడికి వెళ్తాయి."

"సరే."

"సరే అంటే?"

"సరేనంటే సరేనే! ఏం, కాగితం రాసివ్వాలా?"

ఆ పరుగులో బాగా వెనకబడిన వాళ్ళనూ, ఆగిపోయిన వాళ్ళనూ ఎక్కించుకోవడానికి చివర ఒక బస్సు వస్తుంది. ఆ ఏడు దాన్ని నడపడానికి వచ్చింది పెద్దనాన్న దగ్గర పని నేర్చుకున్న డ్రైవరే. ఉత్తపుణ్యానికి హారన్ కొడతాడని డిపోలో అందరూ ఆయన్ని హారన్ అనే పిలుస్తారు. ముందురోజు ఇంటికొచ్చి మరీ కవ్వించాడు.

"రేపు నా బస్సెక్కుతావా అన్నా?"

"నీ బ్రేకులకి నడుం విరుగుతుందిరా. చచ్చినా ఎక్కను."

పరుగు మొదలై పెద్దనాన్న గుంపులో కలిసిపోగానే, పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని గబగబా వెనక్కి నడిచింది. హారన్‌తో అన్నీ ముందే మాట్లాడుకుందని బస్సెక్కాకే నాకు తెలిసింది. ఆమె సంచిలో ఐసు నింపిన ఫ్లాస్కు, తువ్వాలు ఉన్నాయి.

దారి పొడుగునా ఒక్కొక్కరే ఎక్కారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడకుండా, పరీక్ష తప్పిన పిల్లల్లా కూర్చున్నారు. పిక్క పట్టేసిన ఒకాయన మర్యాదకు అడిగాడు.

"మీరెక్కడ ఆగిపోయారండీ?"

"నేను మొదలే పెట్టలేదు నాయనా," అంది పెద్దమ్మ.

ఫ్లైఓవర్ మొదట్లో పెద్దనాన్న అందరికన్నా చివరివాడయ్యాడు. ముందు అద్దంలోంచి మాకు ఆయన వీపూ, చెమట పట్టిన బనియనూ కనిపిస్తున్నాయి. పిడికిళ్ళు స్టీరింగు మీదే ఉన్నాయి. ఎత్తు ఎక్కుతుంటే కుడికాలు ఈడవడం మొదలైంది.

"కుంటుతున్నాడు వదినా. హారన్ కొట్టనా?"

"వద్దు. ఆయనే ఆగాలి."

కాసేపాగి మళ్ళీ ఆమే అంది. "కాస్త నెమ్మదిగా పోనివ్వు మరిదీ."

"ఇంతకన్నా నెమ్మదంటే వెనక్కి పోవాలి వదినా."

ఫ్లైఓవర్ నడినెత్తిన పెద్దనాన్న నిలబడిపోయాడు. అక్కణ్ణుంచి అంతా పల్లమే. దూరంగా గమ్యం దగ్గర కట్టిన బెలూన్లు కనిపిస్తున్నాయి. వంగి మోకాలి మీద చెయ్యి వేశాడు. మళ్ళీ కదిలి నాలుగడుగులు వేశాడు. పెద్దమ్మ గోళ్ళు నా మణికట్టులో దిగాయి.

అప్పుడాయన రోడ్డు పక్కకు జరిగి, వెనక్కి చూడకుండానే చెయ్యెత్తాడు. స్టాపు లేని చోట బస్సు ఆపమనే వాళ్ళు ఎత్తినట్టు.

హారన్ బండిని పూలబుట్టలా తెచ్చి ఆపాడు. "స్టాపు కాని చోట ఎక్కించుకోకూడదని నువ్వే నేర్పావు కదన్నా!"

"నోర్మూసుకుని తలుపు తియ్యరా."

తలుపు పక్క కమ్మీ పట్టుకుని ఎక్కుతూ పెద్దమ్మను చూశాడు.

"నువ్వెప్పుడెక్కావే?"

"మీరు పరుగు మొదలెట్టినప్పుడే."

"అంటే నన్ను నమ్మలేదన్నమాట."

"నమ్మలేదు. ఇప్పుడు నమ్మాను. కాలిలా పెట్టండి."

అందరి ముందూ ఆయన కాలు తన ఒళ్ళో పెట్టుకుని, తువ్వాల్లో ఐసు చుట్టి మోకాలికి కట్టింది. ఆయన కిటికీలోంచి బెలూన్ల వైపే చూస్తున్నాడు.

"ఇంకొంచెమే ఉందే," అన్నాడు చిన్నపిల్లాడిలా.

"ఉండనీండి. అదెక్కడికీ పోదు."

కాసేపటికి తేరుకుని, పిక్క పట్టేసినాయనకు కాలెలా సాగదీయాలో చెప్పాడు. హారన్ గేర్లు వేసే తీరుకు వంక పెట్టాడు. గమ్యం దగ్గరకు వచ్చేసరికి బస్సులో అందరూ మాట్లాడుకుంటున్నారు. చివర్లో పరిగెత్తి వస్తున్న వాళ్ళకు కిటికీల్లోంచి చేతులు బయటపెట్టి చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది పెద్దనాన్నే.

మోకాలు ఈసారి పెద్దగా వాయలేదు. రెండు వారాల విశ్రాంతి చాలంది ఫిజియోథెరపిస్టు.

పెద్దనాన్నకు ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. వారానికి మూడు రోజులు పరిగెత్తుతాడు, పది కిలోమీటర్ల పందేలకే పేరిస్తాడు. కాలు నొప్పెడితే ఆ పూటే పెద్దమ్మకు చెబుతాడు.