పుస్తకంలో లేని మచిలీపట్నం పిల్ల

నా చిన్నప్పుడు కెనడాలోని సస్కటూన్‌లో మా వీధి మొత్తానికీ తెలుగు ఇల్లు మాదొక్కటే. నాన్న యూనివర్సిటీలో గోధుమ విత్తనాల మీద పరిశోధన చేసేవారు. తాతయ్యలూ అమ్మమ్మలూ మచిలీపట్నంలో ఉండిపోయారు. ఆ లోటు నాకు తెలియకూడదని అమ్మ పక్కింటి ఇంగ్లీషు పెద్దాయనను నాచేత 'తాతగారూ' అని పిలిపించేది. ఆయనకు ఆ పిలుపు ఎంత నచ్చిందంటే, పొరపాటున మిస్టర్ అన్నానా, చెవిటివాడిలా నటించేవారు.

ఆయనది ఇంగ్లండ్‌లో ఒక చిన్న పల్లెటూరు. వయసులో ఉండగా కెనడా వచ్చేసి, రిటైరయ్యాక ఆ ఊరి చరిత్ర రాయడానికి కూర్చున్నారు. అక్కడ ఊరంటే చర్చి చుట్టూ అల్లుకున్న ఊరే. పుట్టినవాళ్ళనూ, పెళ్ళాడినవాళ్ళనూ, పోయినవాళ్ళనూ ఆ చర్చి ఫాదరే రిజిస్టరులో రాసుకునేవాడట. ఆ పాత పేజీలకు ఇప్పటి ఫాదరు తీసిన ఫోటోలు పోస్టులో వచ్చేవి. తాతగారికి చేతులు వణుకు. నా దస్తూరి ముత్యాల కోవ అని అందరూ మెచ్చుకునే రోజులు. ఆ చలికాలమంతా బడి నుంచి రాగానే ఆయన వంటింటి బల్ల దగ్గర చేరి, ఆయన చదువుతుంటే నేను రాసిపెట్టేదాన్ని. మధ్యమధ్య ఆ ఊరి కబుర్లు, పాలెక్కువైన టీ.

ఆ కబుర్లలో ఒకటి నాకు మహా ఇష్టం. వాళ్ళ ఊళ్ళో ఏటా ఒకరోజు పెద్దలంతా పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరి పొలిమేర చుట్టూ నడిచేవారట. సరిహద్దు రాయి వచ్చినప్పుడల్లా ఒక పిల్లవాడి తల దానికి తాటించేవారట. కాగితాలు పోవచ్చు, పటాలు చిరగొచ్చు, దెబ్బ తిన్న చోటు మాత్రం పిల్లలు చచ్చేదాకా మరిచిపోరని వాళ్ళ లెక్క. మంచు కరుగుతున్న ఒక మధ్యాహ్నం ఆయన నన్ను మా రెండిళ్ళ చుట్టూ తిప్పి, కంచె గుంజకు నా తల మెల్లగా ఆనించి, "ఇక నువ్వూ మా ఊరి పిల్లవే" అన్నారు. నేను పొంగిపోయాను. బళ్ళో రోజుకొకరు నీది ఏ ఊరని అడిగే పిల్లకు అంతకన్నా ఏం కావాలి?

ఆ వారమే ఆ వాక్యం కనిపించింది. రెండు వందల ఏళ్ళ కిందటి పేజీ. ఊళ్ళో ఒక ఓడ కెప్టెన్ ఉండేవాడు. అతను మచిలీపట్నం నుంచి తెచ్చుకున్న పనిపిల్లకు బాప్టిజం ఇచ్చి మేరీ అని పేరు పెట్టారు. వయసు పదకొండు ఉండవచ్చునని రాశారు. ఆ చలికాలంలోనే పోయింది, చర్చి వెనక పాతిపెట్టారు. ఇంతే సంగతి. ఆ పిల్ల అసలు పేరేమిటో ఎవరూ అడిగినట్టు లేదు.

నాకూ అప్పుడు పదకొండే. మా అమ్మమ్మగారి ఊరు, నా ఈడు పిల్ల, ఆ దేశంలో, ఆ చలిలో! నా చేతిలో కలం ఆగిపోయింది. ఇది పుస్తకంలో వేస్తారా అని అడిగాను. తప్పకుండా వేస్తానన్నారు. నేను నమ్మనట్టు చూశానేమో, చెయ్యి కలిపి మరీ మాటిచ్చారు. నేనిక ఊరుకుంటానా? మా ఊరి అమ్మాయి ఒక ఇంగ్లీషు పుస్తకంలోకి ఎక్కుతోందని క్లాసంతా టముకు వేశాను.

పుస్తకం అచ్చయి వచ్చిన రోజు దాన్ని బడికి పట్టుకెళితే, టీచరు నన్ను ముందుకు పిలిచి ఆ పేజీ చదవమన్నారు. వెతికాను. కెప్టెన్ గురించి నాలుగు పేజీలున్నాయి. అతని బొమ్మ ఉంది. అతని కుక్క సమాధి మీద ఏం చెక్కారో కూడా ఉంది. ఆ పిల్ల లేదు. మళ్ళీ మొదటినుంచి తిప్పాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం ఇంటికి కూడా పోకుండా ఆయన తలుపు కొట్టాను. ఎందుకు తీసేశారని అడిగాను. కోప్పడలేదు, తడబడలేదు. అదే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. టీ కలుపుతూ, ఎంతో ముద్దుగా చెప్పారు: "ఆ పిల్ల మా ఊళ్ళో ఉందంతే తల్లీ. మా ఊరి పిల్ల కాదుగా."

కంచె గుంజ దగ్గర ఆయన నాతో అన్న మాట గుర్తొచ్చింది. ఇంటికొచ్చి కృతజ్ఞతల పేజీ తీశాను. ఫోటోలు తీసిన ఫాదరు పేరుంది, అచ్చువేసినతని పేరుంది. చివర 'ప్రతులు రాసిపెట్టిన పక్కింటి ఇండియన్ పాపకు' అని ఉంది. ఆరు నెలలు వాళ్ళ వంటింట్లో కూర్చున్నాను. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఏడుస్తుంటే నాన్న, "ఆయన ఊరు, ఆయన బుక్కు. మనకెందుకే అమ్మడూ? రోజూ మన వాకిట్లో మంచు ఎత్తిపోసే మనిషి, గొడవ పెట్టుకోకు" అన్నారు. గొడవ పెట్టుకోలేదు. మర్నాటి నుంచి ఆయనను మిస్టర్ అనే పిలిచాను. వారం రోజులు చెవిటితనం నటించి, ఆ తర్వాత పలకడం మొదలుపెట్టారు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఇక్కడికి మొదట వచ్చిన తెలుగువాళ్ళ సంగతులు నోట్‌బుక్కుల్లో రాసిపెడుతున్నాను. మొన్న కాఫీ కొట్టులో కౌంటర్ దగ్గర ఒక వరంగల్ కుర్రాడు కనిపించాడు, చొక్కా మీద శామ్ అని బిళ్ళ. అసలు పేరేమిటని అడిగాను. "శ్యాంసుందర్ ఆంటీ. ఈడ ఎవ్వలకు నోరు తిరుగుతలేదని మేనేజర్ కట్ చేసిండు" అని నవ్వాడు. వెనక లైను పెరుగుతున్నా సరే, తండ్రి పేరూ ఊరి పేరూ కూడా అడిగి రాసుకున్నాను.

నా నోట్‌బుక్కుల్లో మొదటి పేజీ మొదటి గీత ఖాళీగా ఉంటుంది. అది ఆ మచిలీపట్నం పిల్లది. తెలియని పేరు కల్పించి రాయడానికి నాకు మనసొప్పదు. పక్కింటి పెద్దాయన పేరు నాకు బాగా గుర్తుంది. ఇంత రాసినా, ఆయన పేరు మాత్రం రాయలేదు చూశారా? తల తగిలిన చోటు పిల్లలు మరిచిపోరని చెప్పింది ఆయనే.