మైకుకి పక్కగా

విజయనగరం బస్టాండులో అమ్మ రిపోర్టులు పదేపదే తిరగేస్తున్నాను. ఇక మందు లేదని డాక్టరు చెప్పినా నాకు ఏడుపు రాలేదు. పక్కనున్న పెద్దావిడ ఆ కాగితాలు తీసేసుకుంది. నాకు చిరాకేసింది. ఆవిడ ఒక్కొక్కటీ చప్పుడు కాకుండా పక్కకి జార్చి చూపించింది.

"రేడియో నాటకాల్లో ఇలాగే తిప్పేవోళ్లం. కాయితం సప్పుడు మైకులో ఉరుములా ఇనిపిస్తాది."

"ఏడ్చే వేషాలూ వేశారా?"

"ముప్పై ఏళ్లు తల్లి ఏసాలే కదమ్మా! ఏడిసీటప్పుడు మొకం మైకుకి పక్కకి తిప్పీదాన్ని. ఎదురుగా ఏడిస్తే మాట ఇనబడదు."

పొందూరు బస్సు రాగానే ఎక్కేసింది. ఆవిడ పేరైనా నేను అడగలేదు.

ఆ సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేశాను. సంగతంతా తడబడకుండా చెప్పాను. తర్వాత ఫోను అలాగే పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకున్నాను.