ఆవిడ పేరు, ఆయన రక్తం

దోమ అని పిలిస్తే కోపం తెచ్చుకునే మనిషి కాదాయన. ఇరవై ఆరేళ్ళుగా ఆ ల్యాబులో రక్తం తీస్తున్నాడు. కుట్టిందీ లేనిదీ తెలిసేలోపే పని ముగించేస్తాడు కాబట్టి తోటివాళ్ళు పెట్టిన పేరది. పొద్దున్న ఏడింటి నుంచి మధ్యాహ్నం దాకా నిలబడే తీయాలి. ల్యాబు ఓనరైన డాక్టరమ్మ, మోకాళ్ళు అరిగిన పాత ఉద్యోగిని కిందటేడే ఇంటికి పంపేసింది. "నిలబడలేనివాళ్ళతో నేనేం చేసుకోను?" అంది. చెడ్డ మనిషేం కాదు, అలాగని మెత్తనిదీ కాదు.

ఆ మాట ఇంకా చెవుల్లో ఉండగానే, మూడు వారాల కిందట ఆయన కుడికాలి బొటనవేలు వాచి నిప్పుకణికలా మండటం మొదలుపెట్టింది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయేది. బూటు ముందువైపు కత్తిరించుకుని, నొప్పిబిళ్ళలు మింగి, నవ్వుతూ నిలబడ్డాడు. ఇంకో ల్యాబుకి వెళ్దామంటే అందరూ తెలిసినవాళ్ళే, సాయంత్రానికల్లా కబురు చేరిపోతుంది. చివరికి తన రక్తం తనే తీసుకుని గొట్టం మీద భార్య పేరు రాశాడు. అతితెలివి అంటే అదే.

ఏడు దాటకూడని యూరిక్ యాసిడ్ తొమ్మిదిన్నర. ఒంట్లో వాపుని పట్టిచ్చే సి.ఆర్.పి. ఉండాల్సినదానికి ఆరు రెట్లు. ఇంకొకరివైతే "డాక్టరుగారికి చూపించండి" అని చేతులు దులుపుకునేవాడు. ఇవి తనవి. భయమేసింది. కాగితం దాచేలోపే డాక్టరమ్మ కంట్లో పడింది. ఆవిడ ఆయనతో ఒక్క ముక్కా అనకుండా భార్యకే ఫోన్ చేసి రప్పించింది.

"కాలివేలు నొప్పి ఉందామ్మా?" అని, ఆవిడ పేరున్న కాగితం చూపిస్తూ అడిగింది.

భార్య పక్కనే నిలబడ్డ మొగుడి బూటు చూసింది. మూడు వారాలుగా ఈ మనిషి అయినదానికీ కానిదానికీ ఎందుకు కసురుకుంటున్నాడో అప్పుడర్థమైంది.

"ఉందండీ," అంది.

"ఇది గౌట్, కీళ్ళలో యూరిక్ యాసిడ్ పేరుకునే జబ్బు. నొప్పి తగ్గగానే పోయిందనుకుంటారు. రక్తంలో అంకెలు ఇలా ఉన్నవాళ్ళకి గుండెకీ కిడ్నీలకీ ముప్పెక్కువ. వదిలేస్తే ఆయుష్షుకే చేటు. త్వరగా మందు పడాలి. ఎందుకైనా మంచిది, ఇంకోసారి చూద్దాం. మీరే తీయండి," అంది ఆయనతో.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, విప్పకపోతే ఈ రోగం చెప్పాపెట్టకుండా లోపలే తినేస్తుంది. ఆయన భార్య చేతికి పట్టీ కట్టాడు. నరం దొరక్క రెండుసార్లు గుచ్చాడు.

గంట తర్వాత డాక్టరమ్మ నవ్వుతూ పిలిచింది.

"గండం గడిచిందమ్మా! అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ముందుది మిషన్ పొరపాటై ఉంటుంది. మందూ మాకూ ఏం అక్కర్లేదు," అని పాత కాగితం పర్రుమని చింపి బుట్టలో పడేసింది.

ఆయనకి ఊపిరి తిరిగింది. సిగ్గు లేకుండా సంతోషపడ్డాడు కూడా. ఇక పద అన్నట్టు తలుపు వైపు కదిలాడు. భార్య కదల్లేదు. వంగి, బుట్టలోంచి చింపిన ముక్కలు ఏరి బల్ల మీద పెట్టింది.

"ఈ రక్తం మా ఆయనదండీ. ఉద్యోగం తీసేస్తే తీసేయండి, ముందు మందు రాయండి."