పదేళ్లకే వేసుకున్న ఓణీ

మా అమ్మ నాకు ఓణీ వేసిన నాటికి నాకు పదేళ్లు. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు "అయితే ఏంటి?" అంటారు. ఏంటా? మా వైపు ఆ రోజుల్లో ఆడపిల్ల ఓణీ వేసిందంటే పెద్దమనిషి అయినట్టే, ఆ సంగతి ఊరంతటికీ చెప్పినట్టే. అంతకుముందు లంగా జాకెట్టు, ఆ తర్వాత ఓణీ. నాకు మాత్రం వరస తిరగబడింది. పెద్దమనిషి కాకముందే ఓణీ వచ్చి పడింది. అది తెచ్చిన తికమక ఇన్నేళ్లయినా నాకు పూర్తిగా విడిపోలేదు.

మాది పర్చూరు దగ్గర పల్లె. నాన్న బండి తోలేవాడు. మిరపకాయల బస్తాలేసుకుని గుంటూరు బయల్దేరితే ఎప్పుడు తిరిగొస్తాడో ఆయనకే తెలియదు. అమ్మ పొగాకు కంపెనీలో గ్రేడింగ్‌కు వెళ్లేది. కంపెనీ అంటే పెద్ద రేకుల షెడ్డు. లోపల ఆడవాళ్లంతా నేల మీద వరసలుగా కూర్చుని, ఆకు రంగు చూసి, మచ్చ చూసి, వేరు చేసి కట్టలు కట్టేవాళ్లు. ఇద్దరికి ఒక కుప్ప. జత లేని మనిషికి కుప్ప ఇవ్వరు, కుప్ప లేకపోతే పని లేదు. ఆ ఏడు సీజను మధ్యలో అమ్మ జత ఆమె పురిటికని పొదిలి వెళ్లిపోయింది.

"నీ కూతురుందిగా, తీసుకురా," అన్నాడు మేస్త్రి. "కానీ లంగా మీద వస్తే గేటు దాటనీను. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు కనబడితే ఇనస్పెక్టరు నా పీక మీద కూర్చుంటాడు. ఓణీ వేసి పట్టుకురా."

చూశారా తెలివి! పిల్లలు పని చేయకూడదన్నారు కాబట్టి పిల్లని పెద్దదాన్ని చేసి తెమ్మన్నాడు.

అమ్మ తన పాత చీర చింపి ఓణీ చేసింది. అది నా భుజం మీద నిలవకపోతే పిన్నీసు గుచ్చింది. నేనప్పుడు ఐదో తరగతి. బడంటే నాకు ప్రాణం. రానని ఏడ్చాను. అమ్మ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "జూన్ కల్లా ఆమె బిడ్డనెత్తుకుని వచ్చేస్తది. నువ్వు ఆరో తరగతిలో చేరుదువుగాని. ఒట్టు," అంది. ఆ ఒట్టు నమ్ముకునే వెళ్లాను.

మొదటి రోజు పొగాకు ఘాటుకు రెండుసార్లు కక్కుకున్నాను. మూడో రోజుకు అలవాటైంది, అన్నం మాత్రం సయించేది కాదు. షెడ్డు గోడకు ఒక బోర్డు ఉండేది. మా వరసలో ఒకావిడ, "ఏమ్మే, నీకు చదువొచ్చంటగా, అందులో ఏముందో చదివి పెట్టు. ఇన్నేళ్లుగా చూస్తన్నాం, ఏందో తెలవదు," అంది. నేను లేచి నిలబడి, బడిలో పాఠం చదివినట్టు గట్టిగా చదివాను. పద్నాలుగు సంవత్సరముల లోపు బాలబాలికలను పనిలో ఉంచుట నేరము. ఆడవాళ్లంతా నా మొహం చూశారు, నేను అమ్మ మొహం చూశాను. మేస్త్రి అటునుంచి అరిచాడు: "ఏయ్ పిల్లా! చదివింది చాలు, కూర్చో!" పిల్లా అన్నందుకు నాలిక కరుచుకున్నాడు కూడా. నాకు నవ్వు రాలేదు, భయమేసింది. నేరం చేస్తున్నది నేనేనేమో అనుకున్నాను.

తర్వాత ఇనస్పెక్టరు రానే వచ్చాడు. నా ముందు ఆగి, "ఎన్నేళ్లమ్మా?" అన్నాడు. అమ్మ నేర్పినట్టే, "పద్నాలుగండి," అన్నాను. ఆయన నా పిన్నీసు వంక చూశాడు, పొగాకు పసరుతో నల్లబడ్డ నా వేళ్ల వంక చూశాడు, ఏదో రాసుకుని ముందుకు నడిచాడు. నమ్మాడా, నమ్మినట్టు నటించాడా? ఆయన దేవుడా, దొంగా? ఈ వయసులో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

అక్కడితో పోయేది. కానీ అద్దంకి నుంచి వచ్చిన చుట్టాలావిడ ఒకతె పర్చూరు సంతలో నన్ను ఓణీలో చూసింది. ఆ కబురు అద్దంకిలో మా బాబాయి ఇంట్లో ఉండే నాయనమ్మకు చేరింది. మూడో నాటికి నాయనమ్మ మా గుమ్మంలో దిగింది. మూట కింద పెట్టకుండానే అమ్మ మీద విరుచుకుపడింది.

"ఏందే, నా మనవరాలు పెద్దమనిషైతే నాకు కబురన్నా పెట్టవా? నేను బతికున్నాననుకున్నావా, చచ్చాననుకున్నావా?"

నిజం చెబితే నాయనమ్మ నోటికి తాళం లేదు, సాయంత్రానికి ఊరంతా, మర్నాటికి కంపెనీ అంతా తెలిసిపోతుంది. జత పోతుంది, కుప్ప పోతుంది. అమ్మ నా వైపు చూడకుండా, "లేదత్తమ్మా, నాలుగు రోజులే అయింది. నువ్వొచ్చాకే చేద్దామని ఆగాను," అంది.

ఇక అయిపోయింది! నన్ను తాటాకు చాప మీద మూల కూర్చోబెట్టారు. గడప దాటకూడదన్నారు. వేరే కంచం, వేరే చెంబు. నువ్వులూ బెల్లం దంచి తినిపించారు. మేనమామ చీర తెచ్చాడు. పేరంటాళ్లు వచ్చి పాటలు పాడి, హారతిచ్చి, నా బుగ్గలకు పసుపు రాశారు. నాకు ఎవరూ ఏమీ విడమర్చి చెప్పలేదు. ఇదంతా కంపెనీలో చేరినందుకు చేస్తున్నారనుకున్నాను. సత్యప్రమాణంగా! మా పక్కింటి పిల్ల కిటికీలోంచి చూస్తుంటే, "నువ్వు కూడా పన్లో చేరు, నీకూ చేస్తారు," అని చెప్పాను. కొత్త చీర ఒళ్లో పెట్టుకుని ఎంత మురిసిపోయానో! అమ్మ మాత్రం వచ్చినవాళ్లందరికీ తాంబూలాలిస్తూ ఎవరి కళ్లలోకీ చూడలేదు.

జూన్ వచ్చింది. జత ఆమె బిడ్డనెత్తుకుని తిరిగొచ్చింది. నేను పుస్తకాల సంచి సర్దుకుని, జడ వేసుకుని కూర్చున్నాను. నాయనమ్మ ఇంకా మా ఇంట్లోనే ఉంది.

"పెద్దమనిషైన పిల్ల బడికా? మగపిల్లల పక్కన కూర్చోబెడతావా? నలుగురూ మొహాన ఉమ్మేయరూ?" అంది.

"కంపెనీకి వెళ్తే ఉమ్మేయరా?" అన్నాను నేను. చెంప ఛెళ్లుమంది. కొట్టింది నాయనమ్మ కాదు, అమ్మ.

ఆ వారంలోనే బడి పంతులమ్మగారు మా ఇంటికొచ్చారు. "బాగా చదివే పిల్లమ్మా, మానిపించకండి. ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు చూస్తున్నారు?" అని చాలాసేపు బతిమాలారు. నాయనమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. అమ్మ నిలువుగుడ్లేసుకుని నా వంకే చూస్తోంది. పెద్దమనిషి కావడమంటే ఏమిటో నాకు సరిగా తెలియకపోయినా, నేను నోరు తెరిచి, ఇదంతా అబద్ధమండీ, నేనింకా చిన్నపిల్లనే అంటే సరిపోయేది. అనలేదు. అంటే అమ్మ ఏమైపోతుందోనని భయం. అమ్మ అబద్ధాన్ని నేను కాపాడుతున్నానా, నన్ను అది మింగేస్తోందా, ఏమీ అర్థం కాలేదు. పంతులమ్మగారు చెప్పులేసుకుని వెళ్లిపోయారు. జత ఆమెను మేస్త్రి ఇంకొకరితో కలిపాడు. అమ్మ కుప్ప దగ్గర నేనే మిగిలాను.

మూడు సీజన్లు గడిచాయి. నాకు పదమూడేళ్లు. ఒక పొద్దున షెడ్డులో ఆకు ఏరుతుంటే కడుపులో నొప్పి మొదలైంది. ఇంకాసేపటికి సంగతి తెలిసింది. ఆడవాళ్ల మాటలు మూడేళ్లుగా వింటున్నదాన్ని కాబట్టి ఏమిటో అర్థమైంది. అమ్మ చెవిలో చెప్పాను.

అమ్మ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. నా మొహంలోకి చూసింది, చుట్టూ చూసింది. గొంతు తగ్గించి, "ఎవరితోనూ అనమాక. నీకెప్పుడో అయిపోయిందిగా. ఓర్చుకుని కూర్చో," అంది.

అప్పటిదాకా నాకు తట్టని లెక్క అప్పుడు తట్టింది. అడగకూడదనుకుంటూనే అడిగేశాను.

"అయితే ఈ మూడేళ్లూ నేను బడికెళ్లుండొచ్చుగా అమ్మా?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మేస్త్రి మా వరస వైపే వస్తున్నాడు. నేను అమ్మ ముందున్న ఆకు కూడా నా వైపుకు లాక్కుని ఏరడం మొదలుపెట్టాను.