వేళ్లు గిట్టని లింబాద్రి

లింబాద్రికి మనుషుల వేళ్లంటే గిట్టదు. సౌదీలోని తాయిఫ్‌లో అతను పనిచేసే ఇంట్లో పాతకాలపు కత్తుల గది ఒకటుంది. అందులోకి ఎవరు వెళ్లాలన్నా గుమ్మంలో లింబాద్రి ముందు వాళ్ల చేతులు వాసన చూసేవాడు, తర్వాత తెల్లటి చేతొడుగులు ఇచ్చేవాడు. ఏసీ బాగుచేసేవాడికీ అంతే, ఇంటి యజమాని కఫీల్‌కీ అంతే. ఈగ వాలితే దాని కాళ్లకేం తొడగాలా అని దిగులుపడేవాడు.

ఇంత కాపలా ఒక్క ఖడ్గం కోసమే. ఎనిమిది వందల ఏళ్ల కిందట సముద్రం దాటి సిలువ యుద్ధాలకు వచ్చిన సైనికుడెవరిదో. వంపు లేని కత్తి అలుగు, పిడి చివర బిళ్ల మీద సిలువ. అలాంటివి లోకంలో ఏ కొన్నో మిగిలాయట.

ముసలి కఫీల్‌ను చూసుకోవడానికి కాకినాడ నుంచి వచ్చిన నర్సు జెస్సీ, సిలువ చూసి మొదటిరోజే చెయ్యి చాచింది.

"ఏలు తియ్! ఏలు తియ్ చెల్లె!"

"ముట్టుకోలేదన్నయ్యా, గాల్లోనే ఉంది."

"నీ చెమటల ఉప్పుంటది. ఉప్పు తగిల్తే తుప్పే."

"మా ఊళ్లో సముద్రమే ఉప్పు. ఏం చేస్తారేంటి?"

"అయితే రెండు జతలు తొడుక్కో."

కఫీల్‌కు చూపు మందగించింది. వారసుడు లేడు. ఖడ్గాన్ని మ్యూజియానికి ఇచ్చేయాలనుకున్నాడు. గురువారం మ్యూజియం నుంచి దాన్ని శుభ్రం చేసే మనిషి వస్తాడని తెలిసినప్పటి నుంచి లింబాద్రికి అన్నం సయించలేదు. బుధవారం జెస్సీ వెళ్లేసరికి ఖడ్గం ముందు కూర్చుని ఉన్నాడు. పిడికి బెత్తెడు కింద ఎర్రటి తుప్పు మచ్చ కనిపించింది ఆమెకు.

"ఊరందరి చేతులకూ తొడుగులేయించి, ఇదేంటన్నయ్యా? కాస్త నూనె పెట్టి రుద్దితే..."

"రుద్దకు." ఈసారి అతను అరవలేదు. "అది ఫహద్‌ది."

జెస్సీ వంగి చూసింది. బొటనవేలి గీతలు. కఫీల్ ఒక్కగానొక్క కొడుకు ఫహద్ మూడేళ్ల కిందట వట్టి చేత్తో ఆ ఖడ్గం పట్టుకుని ఫోటో దిగాడు. మర్నాడు కొండదారిలో కారు దొర్లి చనిపోయాడు. నలభై రోజుల తర్వాత లింబాద్రి ఖడ్గం తీసి చూస్తే ఆ వేలిముద్ర తుప్పై తేలింది. తుడవడానికి అతనికి చెయ్యి రాలేదు. చుట్టూ నూనె రాస్తూ వచ్చాడు. దానిమీద ఇంకో వేలు పడకూడదని ఆనాటి నుంచే గుమ్మంలో కాపు కూర్చున్నాడు.

"పెద్దాయనకు చెప్పలేదా?"

"ఎట్ల చెప్పాలె? మూడేండ్లసంది నోట్లకెల్లి ఎల్తలేదు."

"రేపు తుడిచేశాక చెప్తారా?"

గురువారం వచ్చిన హైదరాబాదీ గౌస్ మొహిద్దీన్ మచ్చ చూడగానే దూది తీశాడు. లింబాద్రి దూదికీ ఖడ్గానికీ మధ్య తలపెట్టాడు.

"నా తల తుడువుండ్రి సాబ్. దీన్ని ముట్టకుండ్రి."

సంగతి విని గౌస్ దూది పక్కన పెట్టాడు. "మైనం పూత ఏస్తే తుప్పు ఆగుతది, ముద్ర ఉంటది. కానీ మాలిక్ ఒప్పుకోవాలె భాయ్. పోయి చెప్పు."

జెస్సీ కఫీల్‌ను చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది. లింబాద్రి కుర్చీ పక్కన కూలబడి, వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు. కొడుకు పేరు దగ్గర రెండుసార్లు ఆగాడు.  ముసలాయన మైనం పూతకు సరేనని తలూపాడు.

మైనం పూత ఆరాక ఆయన చెయ్యి చాచాడు. గౌస్ చేతొడుగు అందించబోతే లింబాద్రి లాక్కుని జేబులో కుక్కుకున్నాడు. ముసలాయన ఖడ్గాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని, ముద్ర పక్కన తన బొటనవేలు ఆనించి, కొలిచినట్టు చూశాడు. ఏదో గొణిగి, కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు.

"ఏమంటున్నారన్నయ్యా?"

లింబాద్రి ముక్కు ఎగబీల్చాడు.

"పోరని ఏలు నా ఏలుకన్న పెద్దగున్నది, ఎప్పుడు పెరిగిండు వీడు, అంటున్నడు."