మామ్మ కంద కూర, నా ఉపన్యాసం

మొన్న ఆదివారం నుంచి మా ఊళ్ళో ఎవరు ఎదురుపడినా ముందు ఒకసారి గొంతు గోక్కుని, ఆ తర్వాత నాకు నమస్కారం పెడుతున్నారు. నవ్వకండి. టీ తాగుతూ వినండి. మధ్యలో మాత్రం ఎవరూ నినాదాలు ఇవ్వకండి. నినాదాల వల్లే ఇదంతా వచ్చింది.

మీకు తెలుసు కదా, నేను అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను, మిగతా టైంలో ప్రపంచాన్ని మారుస్తాను. మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, పోయి ఏడాదయింది. ఏడాది తిరిగేసరికి మా వాళ్ళు జ్ఞాపకార్థ కూడిక పెడతారు. చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తారు. పోయినవాళ్ళ గురించి తెలిసినవాళ్ళు నాలుగు మాటలు చెప్తారు. తర్వాత భోజనాలు. పోయిన మనిషి పేరు ఊళ్ళో ఎలా నిలుస్తుందన్నది సగం ప్రార్థన మీదా, సగం భోజనాల మీదా ఆధారపడి ఉంటుంది.

"నలభై మందికి బిర్యానీ చెప్పేస్తున్నానురా బాబీ," అన్నారు నాన్నగారు. ఆయన రిటైరైన హెడ్మాస్టారు.

నేను లేచి నిలబడ్డాను. కూర్చుని కోపం తెచ్చుకోవడం నాకు చేతకాదు.

"బిర్యానీయా! జన్మంతా కామందుల కొబ్బరితోటల్లో కంద తవ్విన మనిషి పేరు మీద బిర్యానీయా! మార్కెట్టు మన నాలుకల్ని కూడా ఆక్రమించేసింది నాన్నగారూ!"

"అది కాదురా, మామ్మకి..."

"మామ్మకి మనం ఇవ్వాల్సింది బిర్యానీ కాదు, చరిత్ర!"

"పోయే ముందు ఆవిడ..."

"ఆవిణ్ణి ఎవరూ మాట్లాడనివ్వలేదు. అందుకే ఆవిడ తరఫున నేను మాట్లాడుతున్నాను!"

నాన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బడిలో వందమందిని చూపుతో నోరు మూయించిన మనిషి ఆయన. నా ముందు మాత్రం ఒక్క వాక్యం పూర్తి చెయ్యలేరు.

నా దగ్గర ఆధారం లేకపోలేదు. మామ్మ పోవడానికి ముందు నేను ఆవిణ్ణి ఇంటర్వ్యూ చేసేను. ఫోన్లో ఉంది, నలభై నిమిషాలు. శ్రమ గురించి, ఆకలి గురించి, తిండిలో దాగిన తిరుగుబాటు గురించి అడిగేను. ఆవిడ నాతో పూర్తిగా ఏకీభవించింది.

పైగా నాకు గుర్తుంది కూడా. చిన్నప్పుడు మామ్మ మట్టి దాకలో కంద, ఎండురొయ్యలు వేసి కూర వండేది. వేడన్నంలో కలిపి పెడుతుంటే నేను ఆవిడ మోకాలికి ఆనుకుని తినేవాణ్ణి. మధ్యమధ్య నల్లటి ముక్కలేవో తగిలేవి, తీసి కంచం పక్కన పడేసేవాణ్ణి. ఆ కూర వాసన తగిలితే ఇప్పటికీ నాకు కోపం తగ్గుతుంది. లోకంలో నా కోపం తగ్గించే వస్తువు అదొక్కటే. అది కూడా మామ్మతోనే పోయింది. దాన్ని వెనక్కి తేవాలి, అంతే.

"నేనే వండుతాను," అని ప్రకటించేను. "వంటగది ఆడవాళ్ళ జైలు. ఆ జైలు తలుపులు బద్దలు కొడతాను!"

"కొట్టకురా, మొన్ననే రంగు వేయించేం," అంది అమ్మ.

ఆదివారం పొద్దున్నే రెండు కందలు తెప్పించేను. ఒక్కొక్కటీ చంటిపిల్లంత ఉంది. రాజోలు నుంచి మా చిట్టత్త వచ్చింది. నాన్నగారి చెల్లెలు. వస్తూనే కొంగు బిగించి, అరచేతులకు కొబ్బరినూనె రాసుకుని కత్తిపీట ముందు కూర్చుంది. అమ్మ కూడా కూర్చుంది. ఇద్దరూ నోరు మెదపరు! మామూలుగా వీళ్ళిద్దరూ కలిస్తే పక్కవీధి కుక్కలు కూడా మొరగడం ఆపి వింటాయి.

"ఏంటత్తా, మౌనవ్రతమా?"

"కంద తరిగేటప్పుడు దాని పేరెత్తకూడదురా. ఎత్తితే వస్తుంది."

"దేని పేరు?"

చిట్టత్త మెడ దగ్గర వేళ్ళు ఆడించి చూపించింది. నాకు అర్థమైంది. రక్తం మరిగింది.

"దురదా?"

"ఒరే, ఒరే!" అని ఇద్దరూ చెవులు మూసుకున్నారు.

"దురద! దురద! దురద! ఏమొచ్చింది? చూశారా, ఏమీ రాలేదు! నిశ్శబ్దమే అణచివేతకి పునాది. బద్దలు కొట్టండి! దురద!"

వాళ్ళిద్దర్నీ లేపేసేను. విముక్తి కలిగించేను అనండి. కందని శుభ్రంగా కడిగి, తడి చేతులతోనే తరగడం మొదలెట్టేను. నూనె రాసుకోమంటే, అది కూడా మూఢనమ్మకంలో భాగమేనన్నాను. అరగంటకి మోచేతుల దాకా చీమలు పాకినట్టయింది. సబ్బుతో తోమేను, బూడిదతో తోమేను, గోడకేసి రాసేను. అమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"వచ్చిందా?"

"రాలేదు," అన్నాను, రెండు చేతులూ తొడలకేసి రుద్దుకుంటూ. సిద్ధాంతం ముఖ్యం.

పెరట్లో కొబ్బరి డొక్కలతో పొయ్యి వెలిగించేను. ఉల్లిపాయలు వేగేయి, పచ్చిమిరపకాయలు వేగేయి, ఎండురొయ్యలు పడగానే వీధంతా వాసన పోయింది. కంద ముక్కలు వేసి, పసుపూ ఉప్పూ కారం వేసి, నీళ్ళు పోసేను. అమ్మ పళ్ళెంలో ఇంత చింతపండు పట్టుకొచ్చింది.

"ఇది నానబెట్టి పొయ్యరా."

"చింతపండా? అది కొట్లో కొనుక్కునే సరుకు. కూలికెళ్ళే మనిషి ఎక్కణ్ణుంచి తెస్తుంది? మామ్మ కూరలో చింతపండు పులుసు పోయడం నేను ఒక్కరోజు కూడా చూడలేదు. ఇది అసలైన శ్రామికుల కూర. ఇందులో రాజీ రాజకీయాలు ఉండవు!"

"చింతపండు కాకపోతే ఇంకేదైనా... పులుపు పడకపోతే అదొస్తుందిరా."

"ఏదొస్తుంది?"

అమ్మ చిట్టత్త వంక చూసింది. చిట్టత్త అమ్మ వంక చూసింది. కూర ఇంకా పొయ్యి మీదుంది. పేరెత్తకూడదు.

"అదేరా... అది."

"వస్తే రానీ! మార్పు కోసమే కదా మనం బతుకుతున్నది!"

ఇప్పుడు ఆలోచిస్తే, ఆవిడ ఆ ఒక్క మాటా అనేసి ఉంటే నలభై గొంతులు బతికేవి. కానీ పొద్దుట్నుంచీ ఆ మాట అరిచింది నేనొక్కణ్ణే. దాని అర్థం తెలియంది కూడా నాకొక్కడికే.

"పోనీ ఉప్పు సరిపోయిందో లేదో నోట్లో వేసుకుని చూడు," అంది అమ్మ ఆఖరి ప్రయత్నంగా.

"ప్రార్థన కాకుండా ముట్టుకోకూడదని మీరే కదా అంటారు?" అన్నాను. వాదనలో ఎదుటివాళ్ళ రూలు వాళ్ళ మీదకే తిప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

ఆ తర్వాత నాన్నగారు ఫోన్ పట్టుకుని జామచెట్టు కిందకి వెళ్ళి, గొంతు తగ్గించి ఎవరితోనో మాట్లాడుతుంటే చూసేను. ఎవరైనా చుట్టాలకి దారి చెప్తున్నారేమో అనుకున్నాను.

పన్నెండుకి కూడిక. షామియానా కింద మామ్మ ఫొటో పెట్టి దండ వేసేం. వెనకాల నేను వేయించిన బ్యానరు: "మా మామ్మ వంట, మా పోరాటం." అయ్యగారు ప్రార్థన చేసేరు. తర్వాత నేను పావుగంట మాట్లాడేను. పావుగంట అని నేను అంటున్నాను. చిట్టత్త గంటంటోంది. తోటల్లో కంద తవ్వేటప్పుడు గునపం తగిలి పగిలిన ముక్కల్ని కూలీలకి పడేసేవారని చెప్పేను. ఆ గాయపడిన కంద నుంచే మా మామ్మ ఒక సంస్కృతిని వండిందని చెప్పేను. "ఇది కంద కాదు, చరిత్ర! నమలండి!" అని ముగించేను. చప్పట్లు కొట్టేరు. ఆకలేసినవాళ్ళు కొట్టే చప్పట్లకి ఊపెక్కువ.

వచ్చిన నలభైమందీ ఒకే బంతిలో కూర్చున్నారు. మొదటి గరిటె అయ్యగారికే వేసేను. ఆయన కలుపుకుని రెండు ముద్దలు తిన్నారు. మూడో ముద్ద దగ్గర ఆగేరు. మెడ ఒకసారి కుడివైపు తిప్పేరు, ఒకసారి ఎడమవైపు తిప్పేరు.

"ఎలా ఉందండీ?"

"ఆయ్. చాలా బాగుందండీ బాబూ." గుటక వేసేరు. "కొంచెం మంచినీళ్ళు ఇప్పిస్తారా?"

చూడండి, మన కోనసీమ మర్యాద ఎంత ప్రమాదకరమైనదో! ఇంకో జిల్లాలో అయితే మొదటి మనిషే ఆకు విసిరేసేవాడు, మిగతావాళ్ళు బతికేవాళ్ళు. మావాళ్ళు అలా కాదు, ఇష్టమున్నా లేకపోయినా 'ఆయ్' అని తలూపుతారు. అయ్యగారు బాగుందన్నారు కాబట్టి పక్కనున్న పోస్టుమాస్టారు తిన్నారు. "అద్భుతం అండీ," అన్నారు, కళ్ళల్లో నీళ్ళు. పోస్టుమాస్టారు ఏడుస్తూ తింటున్నారంటే నా ఉపన్యాసం మనసుకి తగిలిందనుకుని ఇంకో గరిటె వేసేను. "వద్దండి, చాలండి, ఆయ్, చాలండి," అంటూనే ఆయన అదీ తిన్నారు. బంతి చివరిదాకా అంతే. ఒకరు చెవిలో వేలు పెట్టి తిప్పుతున్నారు. ఒకరు దగ్గుతున్నారు. చర్చిలో పాటలు పాడే నలుగురమ్మాయిలు ఒకేసారి గొంతులు సవరించుకుంటున్నారు. అందరూ ఒక చేత్తో తింటున్నారు, రెండో చేత్తో మెడ రుద్దుకుంటున్నారు. ఒక్కరూ ఆ మాట అనరు!

అప్పుడు మూలనుంచి ఒక కేక వినపడింది.

"దురదర్రా బాబోయ్! గొంతు కోసేసుకుంటాను, కత్తి తెండి!"

సత్తెమ్మ మామ్మ. మా మామ్మతో కలిసి తోటపనికి వెళ్ళిన మనిషి. ఎనభై దాటేయి, పళ్ళు లేవు, భయమూ లేదు. నిశ్శబ్దం బద్దలు కొట్టమని పొద్దున్న నేను పిలుపిచ్చేను కదా. దానికి స్పందించింది ఆవిడొక్కతే.

ఆ కేకతో నలభైమందీ బయటపడ్డారు. "నాకూ అంతేనండీ!" "నేనూ చూస్తున్నానండీ ఇందాకట్నుంచి!" బకెట్ల నీళ్ళు అయిపోయేయి. నేను నమ్మలేక ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. నాలుక మీద గొంగళిపురుగుల ఊరేగింపు! అమ్మ, చిట్టత్త చింతపండు ఉండలు కట్టి పళ్ళెంలో పెట్టి, క్రిస్మస్ కేకు పంచినట్టు వరసాగ్గా పంచేరు. మధ్యాహ్నం ఒంటిగంటకి, మా మామ్మ ఫొటో ముందు, అయ్యగారితో సహా ఊరంతా కూర్చుని చింతపండు చప్పరించేరు.

నేను సత్తెమ్మ మామ్మ దగ్గర చతికిలబడ్డాను. మాట బొంగురుపోయింది.

"మామ్మ చింతపండు వేసేది కాదు కదా..."

"చింతపండెందుకూ? మామిడి ఒరుగులు వేసేది. ఎండబెట్టిన పుల్లమామిడి ముక్కలు. నల్లగా ఉంటాయి చూడు."

ఆ నల్లటి ముక్కలు! నేను కంచం పక్కన పడేసినవి!

"అయినా కంద ఎందుకు పెట్టేవు బాబూ? మీ మామ్మకి కందంటే ఒళ్ళు మంట కదా."

"ఏంటీ?"

"కూలితోపాటు అదే పడేసేవారు, తినక ఏం చేస్తాం? ఒరుగులేసి దాని పొగరణిచి మీ నాన్నకి పెట్టేది, నీకు పెట్టేది. తను మాత్రం గంజిలో పచ్చిమిరపకాయ నంజుకునేది."

"మరి ఆవిడకేం ఇష్టం?"

"బిర్యానీ! మీ నాన్న మొదటి జీతానికి కాకినాడ తీసుకెళ్ళి తినిపించేడు. అప్పట్నుంచీ అదే కలవరింత. 'నేను పోతే ఏడవకండే, బిర్యానీ పెట్టండి. లెగ్ పీసు కోసం అందరూ కొట్టుకోవాలి' అనేది. నీకు తెలీదూ? ఎప్పుడూ అడగలేదూ?"

అడిగేను. నలభై నిమిషాలు అడిగేను. లోపలికెళ్ళి ఫోన్లో ఆ ఇంటర్వ్యూ పెట్టుకుని విన్నాను. ముప్పైతొమ్మిది నిమిషాలు నా గొంతే. మధ్యమధ్య ఎక్కడో మామ్మ "ఆయ్" అంటోంది. ఒకచోట మాత్రం "బాబీ, నాకు నిజంగా ఏం తినాలనుంటుందంటే..." అని మొదలెట్టింది. వెంటనే నేను, "స్వేచ్ఛ! అంతే కదా మామ్మా?" అన్నాను. తర్వాత "ఆయ్" అంది.

వెనక్కి తిప్పి ఆ ముక్కే మళ్ళీ పెట్టుకున్నాను. బయట ఆటో ఆగిన చప్పుడైంది. చూస్తే రెండు పెద్ద డేక్షాలు దింపుతున్నారు. నాన్నగారు దగ్గరుండి దింపిస్తున్నారు. నన్ను చూసి, ఎందుకైనా మంచిదని ఒక క్షణం ఆగేరు. నేను ఏమీ అనకపోయేసరికి, ఏడాదిగా నోట్లో ఉన్న వాక్యం పూర్తి చేసేరు.

"మామ్మకి మాటిచ్చేనురా. బిర్యానీ పెడతానని."

బంతులు మళ్ళీ వేసేం. ఈసారి ఉపన్యాసం లేదు. లెగ్ పీసు కోసం పోస్టుమాస్టారు, అయ్యగారు "మీరు తీసుకోండి, మీరు తీసుకోండి" అని మర్యాదగా కొట్టుకున్నారు. ఫొటోలో మామ్మ నవ్వుతోంది. ఆ నవ్వు ముందునుంచీ ఉన్నదే, నేనే చూసుకోలేదు.

ఆఖరి బంతిలో సత్తెమ్మ మామ్మ పక్కన నేను కూర్చున్నాను. ఆకులో నిమ్మచెక్క పడింది. అలవాటు ప్రకారం తీసి పక్కన పెట్టబోయి, ఆగి, ఆఖరి చుక్క దాకా పిండుకున్నాను.

"ఎలా ఉంది బాబూ, మీ మామ్మ బిర్యానీ?" అంది ఆవిడ.

చెప్పాల్సింది చాలా ఉంది. గొంతే లేదు.

"ఆయ్," అన్నాను.

నాన్నగారు వడ్డిస్తున్నవారల్లా ఆగి నావంక చూసేరు. నా నోటి నుంచి అంత చిన్న ఉపన్యాసం ఆయన ఎప్పుడూ వినలేదు. ఇంకో లెగ్ పీసు వేసేరు.